ఆలిశంగ వచ్చినోడు: ఇయాన్ రైట్ ముచ్చట

దక్షిణ లండన్ల బ్రాక్లీ అని ఒక జాగ. శనివారం రాత్రి. ఇంట్ల టీవీల 'మ్యాచ్ ఆఫ్ ద డే' వస్తున్నది. ఆ రోజు జరిగిన ఫుట్‌బాల్ మ్యాచులల్ల నుంచి మంచి మంచి ముక్కలు చూపెట్టే ప్రోగ్రాం అది. ఆ ఇంట్ల ఉన్న అన్నదమ్ములిద్దరికి అదంటే పానం. కాని సవతి తండ్రి చూడనియ్యడు. టీవీ బంద్ చేసి పండుకోమన్నా సరిపోవు. గట్ల చెయ్యడు. టీవీ నడుస్తనే ఉంటది, పిలగాండ్లను మాత్రం గోడ దిక్కు మొకం పెట్టి నిలబడుమంటడు. గోల్ పడ్డప్పుడు జనం అరిసే అరుపు చెవులకు ఇనబడుతది. కండ్లకు మాత్రం గోడనే.

గా ఇద్దర్ల చిన్నోడి పేరు ఇయాన్ రైట్. పెద్దగయినంక గదే మ్యాచ్ ఆఫ్ ద డేల కుర్చీల కూసోని ఏండ్లకేండ్లు దేశానికి ఆట గురించి చెప్పిండు. గోడకూ కుర్చీకీ నడుమ 581 లీగ్ మ్యాచులు, 287 గోల్స్ ఉన్నయి. ఒక జైలు గది కూడ ఉన్నది.

ఈ ముచ్చట మనకెందుకు అంటరా? ఫోన్ తెరిస్తె చాలు, "కష్టపడితె ఏదైనా అయితది" అనే రీల్స్ వందలు వస్తయి. ఇరవై రెండేండ్లు దాటి, డిగ్రీ అయిపోయి, నోటిఫికేషన్ల కోసం ఎదురు చూసుకుంట ఊర్లనే ఉన్న పోరగాండ్లకు గవి చూస్తె ధైర్యం రాదు, ఇంకింత గుబులైతది. "నేను సరిగ్గ కష్టపడలేదేమో" అని మనసుల గుచ్చుకుంటది. ఇయాన్ రైట్ కథను గూడ శానమంది గట్లనే చెప్తరు. కాని జర దగ్గరికి పోయి చూస్తె వేరే సంగతి కనబడుతది. ఆయన కష్టం ఎంత పెద్దదో, ఆయన ఎక్కనీకె దొరికిన మెట్లు కూడ గంతే పెద్దయి. రెండూ చెప్పాలె. ఒక్కటి చెప్పి ఇంకోటి దాస్తె అది అబద్ధమే.

ఇల్లు, బడి, ఒక సారు

రైట్ 1963 నవంబర్ 3 నాడు లండన్ల వూలిచ్ దిక్కు పుట్టిండు. తల్లిదండ్రులు జమైకా నుంచి పోయినోళ్లు. రెండో ప్రపంచ యుద్ధం అయినంక బ్రిటన్ల పనిజేసేటోళ్లు తక్కువ పడ్డరు. కరీబియన్ దీవుల నుంచి వేలమంది ఓడలెక్కి పోయి బస్సులు నడిపిండ్రు, దవాఖానాలల్ల చేసిండ్రు, ఫ్యాక్టరీలల్ల చేసిండ్రు. మన జగిత్యాల, సిరిసిల్ల దిక్కోళ్లు గల్ఫ్ పోయినట్టు అనుకోండ్రి. తేడా ఏందంటే, వాళ్లల్ల శానమంది అక్కడనే ఉండిపోయిండ్రు.

రైట్‌కు రెండేండ్లు నిండకముందే నాయిన ఇల్లిడిసి పోయిండు. తర్వాత వచ్చిన సవతి తండ్రి తల్లిని కొట్టేటోడు. ఆ లొల్లి తమ్ముని చెవులల్ల పడొద్దని అన్న మోరిస్ తన చేతులతోటి వాని చెవులు మూసేటోడు. ఈ సంగతులు రైట్ ఎన్నో ఏండ్లకు నోరిప్పి చెప్పిండు. 2021ల బీబీసీ తీసిన ఒక డాక్యుమెంటరీల తన పాత ఇంటికి పోయి, ఆ గదులల్ల నిలబడి, కండ్లనీళ్లు పెట్టుకుంట చెప్పిండు. ఇంట్ల కొట్లాటలు చూసుకుంట పెరిగిన పిల్లల మీద గవి ఎన్నేండ్లు పనిజేస్తయో ఆ డాక్యుమెంటరీల తెలుస్తది.

గట్లాంటి ఇంట్ల నుంచి వచ్చిన పిలగాడు బడిల ఎట్లుంటడు? కోపం. ఊకె కొట్లాట. క్లాసుల నుంచి బయటికి పంపుతె వరండాల నిలబడుడు. చదువు అందకపాయె. అప్పుడు సిడ్నీ పిగ్డెన్ అనే సారు ఆ పిలగాన్ని దగ్గరికి తీసిండు. పిగ్డెన్ సారు రెండో ప్రపంచ యుద్ధంల విమానాలు నడిపినోడు, తర్వాత పంతులయిండు. ఆయన చేసింది పెద్ద మాయేం కాదు. పక్కన కూసోబెట్టుకొని చదువుడు, రాసుడు నేర్పిండు. హాజరు పట్టీలు క్లాసు క్లాసుకు పోయి తెచ్చే పని అప్పజెప్పిండు. ఎవ్వలికీ పనికిరానోడు అనుకున్న పిలగానికి "నీ మీద నాకు నమ్మకమున్నది" అని చెప్పుడన్నట్టు.

ఆటల కూడ ఒక ముక్క నేర్పిండు. రైట్ బాల్ దొరికిందంటే చాలు, బలమంతా పెట్టి తన్నేటోడు. సారు జిమ్మీ గ్రీవ్స్ గురించి చెప్పిండు. గ్రీవ్స్ అంటే ఇంగ్లండ్ తరపున 57 మ్యాచులల్ల 44 గోల్స్ కొట్టిన మొనగాడు. ఆయన బాలును వలలకు గుద్దేటోడు కాదు, దోస్తుకు పాస్ ఇచ్చినట్టు నిమ్మలంగ పంపేటోడు. నువ్వు కూడ గట్ల చెయ్యి అన్నడు సారు. తర్వాత ఇరవై ఏండ్లు రైట్ ఆడిన ఆటకు పునాది గీ ఒక్క ముక్కనే.

వద్దన్నోళ్లు, మూసుకున్న తలుపు

ఇంగ్లండ్ల ఫుట్‌బాల్ ఆడేటోళ్ల తొవ్వ చిన్నప్పుడే మొదలైతది. పదహారేండ్లకే క్లబ్బులు పోరగాండ్లను తీసుకుంటయి, పద్దెనిమిది వచ్చేసరికి పనికొస్తడా లేదా అని తేల్చేస్తయి. రైట్ కూడ చిన్న వయసుల క్లబ్బుల ట్రయల్స్‌కు పోయిండు. సౌతెండ్ చూసి వద్దన్నది. బ్రైటన్ చూసి వద్దన్నది. ఇంటికి మర్లి వచ్చిండు.

ఇగ పని. బిల్డింగుల కాడ కూలి, ఇటుక పని, గోడలకు గిలాబు పని. పిల్లల బాధ్యత చిన్న వయసులనే మీద పడ్డది. బండికి టాక్స్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. పోలీసులు పట్టుకొని జరిమానాలు ఏసిండ్రు. కట్టనీకె పైసల్లేవు. జరిమానాలు కట్టలేదని చెమ్స్‌ఫోర్డ్ జైలుకు పంపిండ్రు. రెండు వారాలు లోపల ఉన్నడు. ఆ పెద్ద తలుపు ఎనుక నుంచి మూసుకున్న చప్పుడు ఇన్నంక చిన్న పిలగాని లెక్క ఏడ్సిన అని తర్వాత చెప్పుకున్నడు. ఎట్లనన్న ఫుట్‌బాల్ ఆటగాన్ని కావాలె అని అక్కడనే ఒట్టు పెట్టుకున్నడు.

సినిమాల అయితే ఇక్కడ పాట పడుతది, పాట అయిపోయేసరికి హీరో స్టేడియంల ఉంటడు. నిజంల గట్ల కాలేదు. బయటికొచ్చి మల్ల కూలి పనికే పోయిండు. ఆదివారం ఆదివారం ఆడిండు.

మెట్లు ఎట్లుంటయి?

ఇక్కడ జర ఆగుదాం. రైట్ కథ సమజ్ కావాలంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఎట్ల కట్టి ఉన్నదో తెల్వాలె.

అట్టడుగున ఆదివారం లీగులు ఉంటయి. వారమంతా పనిజేసుకునే మామూలు మనుషులు ఆదివారం పార్కులల్ల ఆడుకునే ఆట. పైసల్లేవు, ఎదురు మనమే చందాలేసుకోవాలె. దానిమీద చిన్న చిన్న క్లబ్బులు. ఇవి మ్యాచుకింత అని కొద్దిగ పైసలిస్తయి, ఆటగాళ్లు పొద్దంతా వేరే కొలువు చేసుకుంటరు. దానిమీద పూర్తిగ ఆటనే కొలువుగ ఉండే 92 క్లబ్బులు, నాలుగు డివిజన్లల్ల. అందరికన్న పైన ఉన్న డివిజన్‌కే 1992 నుంచి ప్రీమియర్ లీగ్ అని పేరు.

అసలు కీలకం ఏందంటే, ఏ మెట్టూ శాశ్వతం కాదు. సీజన్ అయిపోయేసరికి కింద మిగిలిన జట్లు ఒక మెట్టు దిగుతయి, మంచిగ ఆడినయి ఒక మెట్టు ఎక్కుతయి. జట్లు ఎక్కినట్టే ఆటగాళ్లూ ఎక్కొచ్చు. పెద్ద క్లబ్బులు కింది మ్యాచులు చూడనీకె మనుషులను పెట్టుకుంటయి. వాళ్లను స్కౌట్లు అంటరు. వానల తడుసుకుంట, పదిమంది కూడ లేని మైదానాల కాడ నిలబడి, ఎవడన్న పనికొచ్చెటోడు ఉన్నడా అని చూసుడే వాళ్ల కొలువు.

రైట్ ఆదివారం ఆడిన జట్టు పేరు టెన్ ఎమ్ బీ. అక్కడి నుంచి గ్రీనిచ్ బరో అనే చిన్న క్లబ్బుకు పోయిండు. ఆ రోజులల్లనే పీటర్ ప్రెంటిస్ అనే స్కౌట్ కండ్లు ఆయన మీద పడ్డయి. ప్రెంటిస్ పనిజేసేది క్రిస్టల్ ప్యాలెస్‌కు. అప్పుడది రెండో డివిజన్ల ఉన్న క్లబ్బు. ట్రయల్‌కు పిలిచిండ్రు. మేనేజర్ స్టీవ్ కోపెల్ చూసిండు, నచ్చిండు. 1985 ఆగస్టుల సంతకం అయ్యింది. ఇరవై రెండేండ్లు నిండనీకె ఇంక మూడు నెలలే ఉండె.

ఆ వయసుకు వేరేటోళ్లు అప్పటికే నాలుగైదేండ్లు పెద్ద ఆట ఆడి ఉంటరు. రైట్ చిన్నప్పటి దోస్తు డేవిడ్ రోకాసిల్‌నే చూడుండ్రి. గదే బ్రాక్లీ దిక్కు పిలగాడు, రైట్ కన్న మూడేండ్లు దాటి చిన్నోడు. కాని ఆర్సెనల్ క్లబ్బు చిన్నప్పుడే తీసుకుంటె, ఆ టైంకే పెద్ద జట్టుల ఆడబట్టిండు. ఎనుకబడుడంటే గట్లుంటది. తమ్ముని లెక్క చూసుకున్నోడు టీవీల కనబడుతుంటె, నువ్వు ఇటుకలు మోసుడు.

మూడు నిమిషాల ముచ్చట

ప్యాలెస్‌ల రైట్‌కు మార్క్ బ్రైట్ అనే జోడీ దొరికిండు. బ్రైట్ పొడుగు మనిషి, గాలిల వచ్చిన బాలును తలతోటి దించుతడు. రైట్ మెరుపు లెక్క ఉరుకుతడు. ఒకడు దించుడు, ఒకడు కొట్టుడు. 1989ల క్లబ్బు పై డివిజన్‌కు ఎక్కింది.

ఎక్కుడు సుఖంగ ఏం లేకుండె. 1989 సెప్టెంబర్ల లివర్‌పూల్ మీద 9–0 తేడాతోటి ఓడిపోయిండ్రు. తొమ్మిది గోల్స్! మన దగ్గరయితె మీమ్స్‌తోటే సంపుతుండిరి. కాని గదే సీజన్ల, ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ల గదే లివర్‌పూల్‌ను 4–3తోటి ఓడగొట్టిండ్రు. ఎఫ్‌ఏ కప్ అంటే దేశంల చిన్న క్లబ్బులు పెద్ద క్లబ్బులు అన్నీ కలిసి ఆడే పోటీ. 1870లల్ల మొదలయ్యింది, ఇప్పటికీ నడుస్తున్నది.

1990 మే 12న వెంబ్లీల ఫైనల్. ఎదురుంగ మాంచెస్టర్ యునైటెడ్. రైట్‌కు ఆ సీజన్ల ఒకే కాలు ఎముక రెండుసార్లు విరిగింది. మొదటి పదకొండు మందిల జాగ లేదు. బెంచీ మీద కూసున్నడు. ఆట ఇంక ఇరవై నిమిషాలు మిగిలి ఉన్నది, యునైటెడ్ 2–1తోటి ముంగట ఉన్నది. అప్పుడు కోపెల్ రైట్‌ను లోపలికి పంపిండు. లోపలికొచ్చిన మూడు నిమిషాలకు బాల్ దొరికింది. ఒక డిఫెండర్‌ను లోపలికి కోసిండు, ఇంకొకన్ని దాటిండు, గోల్‌కీపర్ పక్కపొంటి వలలకు పంపిండు. 2–2. అదనపు టైం మొదలు కాంగనే ఇంకోటి. 3–2.

కప్పు వచ్చినట్టేనా? రాలే. అదనపు టైం అయిపోనీకె ఏడు నిమిషాల ముందు యునైటెడ్ సమం చేసింది. 3–3. మల్ల ఆడాలె అన్నరు. ఐదు రోజులకు జరిగిన ఆటల ప్యాలెస్ 1–0తోటి ఓడింది. కప్పు పోయింది కాని, దేశమంతా రైట్ పేరు నేర్చుకున్నది. ఐదేండ్ల కిందట గదే మనిషి ఆదివారం పార్కుల ఆడిండు. మరుసటి ఏడు, 1991 ఫిబ్రవరిల, ఇంగ్లండ్ అంగి ఏసుకున్నడు. ప్యాలెస్ ఆ ఏడు లీగుల మూడో జాగల నిలిచింది. మొత్తంగ ప్యాలెస్ తరపున ఆయన కొట్టిన గోల్స్ 117.

గోల్ కొట్టుడంటే ఏంది?

మనల క్రికెట్ చూసేటోళ్లే ఎక్కువ. అందుకే జర చెప్పాలె. స్ట్రైకర్ అంటే జట్టుల అందరికన్న ముంగట ఉండేటోడు, గోల్ కొట్టుడే పనిగ ఉన్నోడు. తొంభై నిమిషాల ఆటల ఆయన కాలికి బాల్ తగిలేది శాన తక్కువ. ఒక్కోసారి మ్యాచ్ మొత్తంల మంచి అవకాశం వచ్చేది ఒకటో రెండో. మిగతా టైమంతా ఉరుకుడు, ఆగుడు, మల్ల ఉరుకుడు.

గీ ఉరుకుడుకు ఒక కట్టుబాటున్నది. ఆఫ్‌సైడ్ అంటరు. దోస్తు బాల్ పంపిన క్షణంల నువ్వు అవతలి జట్టు ఆఖరి డిఫెండర్‌ను దాటి గోల్ దిక్కు నిలబడి ఉంటె చెల్లది. అంటే, ముందుగాల ఉరికితె ఆఫ్‌సైడ్. ఆలిశంగ ఉరికితె బాల్ డిఫెండర్‌కు పోతది. సరిగ్గ బాల్ కదిలిన క్షణంలనే కదలాలె. రైట్ మొనగాతనం గీడ ఉన్నది. జీవితంల ఆలిశమయిండు కాని మైదానంల టైం తప్పేటోడు కాదు.

ఇంకోటి, గోల్‌కీపర్ ఎదురయినంక చేసే పని. శానమంది అక్కడ కంగారుపడి గుద్దుతరు. రైట్ కీపర్ ముంగటికి వస్తుండంటే నెత్తిమీది నుంచి మెల్లగ లేపేటోడు, లేదంటె మూలకు జరిపేటోడు. పిగ్డెన్ సారు చెప్పిన పాస్ ముచ్చట గదే.

ఆర్సెనల్

1991 సెప్టెంబర్ల ఆర్సెనల్ ఆయనను 25 లక్షల పౌండ్లకు కొన్నది. ఆ క్లబ్బు అప్పటిదాంక ఏ ఆటగానికీ గంత పెట్టలేదు. చిన్న దోస్తు రోకాసిల్ ఆ జట్టుల అప్పటికే ఉన్నడు. తమ్ముడు తొవ్వ చూపిచ్చిండు, అన్న ఆలిశంగ వచ్చి చేరిండు.

సౌతాంప్టన్ మీద మొదటి లీగ్ మ్యాచ్. మూడు గోల్స్. ఆ సీజన్ ఆఖరి మ్యాచ్ కూడ సౌతాంప్టన్ మీదనే. మల్ల మూడు గోల్స్. ఆ ఏడు మొత్తం 29 లీగ్ గోల్స్‌తోటి దేశంల అందరికన్న పైన నిలిచిండు. గ్యారీ లినేకర్‌కు 28. ఒక్క గోల్ తేడా. 1993ల ఆర్సెనల్ ఎఫ్‌ఏ కప్, లీగ్ కప్ రెండూ గెలిచింది. ఎఫ్‌ఏ కప్ ఫైనల్ సమమై మల్ల ఆడాల్సి వస్తె, రెండు ఆటలల్లనూ రైట్ గోల్ కొట్టిండు. వరుసగ ఆరు సీజన్లు క్లబ్బుల ఆయన కన్న ఎక్కువ గోల్స్ కొట్టినోడు లేడు.

ఆర్సెనల్‌కు అందరికన్న ఎక్కువ గోల్స్ కొట్టిన రికార్డు క్లిఫ్ బాస్టిన్ అనే పాత ఆటగాని పేరు మీద ఉండె. 178. రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఎవ్వలూ దాన్ని ముట్టుకోలె. 1997 సెప్టెంబర్ 13న బోల్టన్ మీద ఆట. రైట్ అంగి లోపట ఒక బనీను ఏసుకొని వచ్చిండు. దాని మీద '179, జస్ట్ డన్ ఇట్' అని రాసి ఉన్నది. మొదటి గోల్ కొట్టంగనే సంబురంల అంగి లేపి బనీను చూపెట్టిండు. కాని అది 178 మాత్రమే! లెక్క తప్పిండు. గంతమంది జనం ముంగట. ఇంక కొద్దిసేపటికే గోల్ లైన్ కాడనే బాల్ దొరికితె ఊకె తోసిండు. 179. మల్ల అంగి లేపిండు. ఆ రోజు మూడోది కూడ కొట్టిండు.

ఆర్సెనల్ తరపున మొత్తం 288 మ్యాచులల్ల 185 గోల్స్. ఎనిమిదేండ్లకు, 2005 అక్టోబర్ల, థియరీ ఆన్రీ ఆ రికార్డు దాటిండు. 1998ల ఆర్సేన్ వెంగర్ మేనేజర్‌గ ఉన్నప్పుడు క్లబ్బు లీగు, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచింది. లీగు గెలుసుడు రైట్ చిన్నప్పటి కోరిక. ముప్పై నాలుగేండ్లకు తీరింది.

అందనియి

ఇప్పుడు అందనియి కూడ చెప్పుకోవాలె. లేకుంటె కథ సగమే.

1994ల ఆర్సెనల్ యూరప్‌ల కప్ విన్నర్స్ కప్ గెలిచింది. ఫైనల్ల రైట్ ఆడలే. సెమీఫైనల్ల రెఫరీ పసుపు కార్డు చూపెట్టిండు, ఆ లెక్కతోటి ఫైనల్ ఆడకుండ అయ్యింది. మైదానంలనే ఏడ్సిండు. ఇంగ్లండ్‌కు ఆడింది 33 మ్యాచులే, గోల్స్ తొమ్మిదే. లినేకర్, షియరర్, షెరింగం, కోల్, ఫెర్డినాండ్... ఆ రోజులల్ల ఇంగ్లండ్‌కు స్ట్రైకర్ల కరువు లేదు. ఒక్క ప్రపంచ కప్ కూడ ఆడలే. 1998ల అవకాశం చేతిదాంక వచ్చింది. ప్రపంచ కప్‌కు కొద్దిరోజుల ముందు మొరాకోల ఆడిన మ్యాచుల తొడ నరం పట్టేసింది. గంతే. ఇంటికి వచ్చిండు.

కోపం కూడ ఆయనను ఇడువలే. రెఫరీలతోటి లొల్లి, జరిమానాలు, నిషేధాలు. వెస్ట్‌హామ్‌కు పోయినంక 1999ల ఒక మ్యాచుల బయటికి పంపిండ్రని రెఫరీ గదిలకు పోయి టీవీ పగలగొట్టిండు. గోడ దిక్కు నిలబడ్డ పిలగాని కోపం గది. దాన్ని మెచ్చుకోవద్దు, ఆయన కూడ మెచ్చుకోలే. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలుసుకున్నడు. తర్వాత నాటింగం ఫారెస్ట్, సెల్టిక్, ఆఖరికి బర్న్‌లీ. 2000 సంవత్సరంల బర్న్‌లీ ఒక డివిజన్ పైకి ఎక్కినంక ఆట ఆపేసిండు.

ఆట ఆపినంక

ఆట అయిపోయినంక టీవీలకు వచ్చిండు. పాత ఆటగాళ్లు శానమంది వస్తరు, రైట్ మాత్రం కొన్ని సంగతులల్ల గట్టిగ నిలబడ్డడు. ఇంగ్లండ్ల 1921ల ఆడోళ్ల ఫుట్‌బాల్‌ను తమ మైదానాలల్ల ఆడొద్దని ఆట సంఘమే నిషేధం పెట్టింది. యాభై ఏండ్లు దాంక అది ఎత్తేయలే. 2022ల ఇంగ్లండ్ ఆడపిల్లల జట్టు యూరప్ కప్ ఆడుతున్నప్పుడు రైట్ టీవీలనే కుండ బద్దలు కొట్టినట్టు అడిగిండు: ఈ టోర్నీ అయినంక కూడ బడులల్ల ఆడపిల్లలకు మగపిల్లలతోటి సమానంగ ఫుట్‌బాల్ పీరియడ్ ఇయ్యకపోతె మనం చేస్తున్నదేంది? ఆ జట్టు కప్పు గెలిచింది. మరుసటి ఏడు ప్రభుత్వం గా సమానత్వం ఇస్తమని మాటిచ్చింది.

2020ల ఇంకో సంగతి అయ్యింది. ఐర్లండ్ల ఒక పోరడు ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఓడిపోయిన కోపంల రైట్‌కు రంగు మీద, జాతి మీద బూతు మెసేజులు పెట్టిండు. వయసు పద్దెనిమిది. కేసయ్యింది. పోరడు తప్పొప్పుకున్నడు, రైట్ మాఫ్ చేసిండు. కాని కోర్టు శిక్ష లేకుండ ఇడిసిపెట్టినప్పుడు మాత్రం, మాఫ్ చేసుడు వేరు, గట్లాంటివి చేస్తె ఏమైతదో తెల్వాలె అనుడు వేరు అన్నడు. రాత్రి రెండింటికి కామెంట్ బాక్సుల ఎవన్నో కులం పేరు పెట్టి తిట్టి పండుకునేటోళ్లు మనల కూడ ఉన్నరు. అవతల కూడ ఒక మనిషి పొద్దున లేసి గది చదువుతడు.

మన మెట్లు యాడున్నయి?

ఇప్పుడు మొదట్ల అన్న మాటకు వస్త. రైట్ కష్టపడ్డడు, అనుమానం లేదు. కాని గదే కష్టం, గవే కాళ్లు, ఆదివారం లీగ్ లేని దేశంల ఉంటె ఏమైతుండె? ఆదివారం జట్టు లేకుంటె గ్రీనిచ్ బరో లేదు. గ్రీనిచ్ బరో లేకుంటె స్కౌట్ లేడు. స్కౌట్ లేకుంటె కోపెల్ లేడు. నడుమ ఒక్క మెట్టు లేకపోయినా దక్షిణ లండన్ల ఒక మేస్త్రీ ఉంటుండె, సాయంత్రాలు పిల్లలకు "నేనూ బాగనే ఆడేటోన్ని" అని చెప్పుకుంట.

మన దగ్గర గట్లాంటి మేస్త్రీలు ఎంతమంది ఉన్నరో లెక్క లేదు.

మనకు చేతకాదని కాదు. ఒకప్పుడు దేశం ఫుట్‌బాల్‌కు హైదరాబాద్ గుండెకాయ. సయ్యద్ అబ్దుల్ రహీం సారు గీ గడ్డ మీది పంతులే. ఆయన తయారు చేసిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో జాగల నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడలల్ల దక్షిణ కొరియాను ఓడగొట్టి బంగారు పతకం తెచ్చింది. కేన్సర్‌తోటి రహీం సారు 1963 జూన్ల పోయిండు. అవుతల లండన్ల రైట్ పుట్టింది గదే ఏడు. ఇప్పటి కాలంల నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య దేశం తరపున ఆడింది, క్రొయేషియాల డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాంక పోయి వచ్చింది. కాళ్లు ఉన్నయి, పానం ఉన్నది. మెట్లు మాత్రం ఒకటుంటె రెండు లేవు. పదహారేండ్లకు హాస్టల్ టీముల ఆడినోడు పద్దెనిమిదికి యాడ ఆడాలె? ఇరవై రెండుకు యాడ ఆడాలె? ఊరి ప్లేగ్రౌండ్ బోర్డు మీద తప్ప ఉన్నదా? మండలంల ఆదివారం లీగ్ పెట్టనీకె పెద్ద స్టేడియం అక్కర లేదు. ఎనిమిది ఊర్లు, ఒక మడి, రెండు బాల్స్, తారీఖులు రాసిన కాయితం చాలు. గది అడగాల్సింది మనమే, పెట్టుకోవాల్సింది కూడ కొంత మనమే.

ఆఖరికి మల్ల పిగ్డెన్ సారు కాడికే పోదాం. రైట్ పెద్దోడయినంక సారు చచ్చిపోయిండని ఎవరో చెప్తె నమ్మిండు. 2005ల ఒక టీవీ ప్రోగ్రాం కోసం ఆర్సెనల్ పాత స్టేడియం హైబరీల నిలబడి ఉన్నడు. ఎనుక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిసిండ్రు. మర్లి చూస్తె సారు. అప్పటికి రైట్ వయసు నలభై దాటింది. కోట్లు సంపాయించిండు, రికార్డులు కొట్టిండు. మొదటిగ చేసిన పని ఏందంటే, బడి పిలగాని లెక్క నెత్తి మీది టోపీ గబుక్కున తీసిండు. తర్వాత సారును పట్టుకొని ఏడ్సిండు. యుద్ధం అయినంక రాజు కోట మీది నుంచి విమానం నడిపిన దానికన్న నువ్వు ఇంగ్లండ్‌కు ఆడినందుకే నాకు ఎక్కువ గర్వం అని సారు తనతోటి అన్నడని రైట్ చెప్పుకున్నడు. పిగ్డెన్ సారు 2017ల పోయిండు.

ఆ వీడియో ఇంటర్నెట్‌ల ఉన్నది. రీల్స్ చూసే టైంల ఒక్కసారి గది చూడుండ్రి. చూసినంక మీ బడిల మీ చెయ్యి పట్టిన సారో, టీచరమ్మో ఎవరన్న ఉంటె ఫోన్ కొట్టుండ్రి. మీ వాడకట్టుల క్లాసు బయట నిలబడే పిలగాడు ఎవడన్న ఉంటె, వానికి హాజరు పట్టీ అసువంటి పని ఒకటి అప్పజెప్పుండ్రి. మెట్టు అనేది అక్కడి నుంచే మొదలైతది.